చలిమంట దగ్గర ఆటపేర్లు

“నవ్వుతూ కూర్చో అమ్మా, చాలు. ఎక్కువ మాట్లాడకు,” అన్నాడు కుర్రాడు, దుబాయ్‌లో ఓ హోటల్ పబ్బు గేటు ముందు.

మంగాదేవి పైట భుజం నిండా కప్పుకుంది. పబ్బులో అడుగుపెట్టడం బుద్ధెరిగాక అదే మొదలు. పోలీసులొస్తారేమో. ఎవరైనా తాగి మీద పడతారేమో. అన్నిటికన్నా, తన నోట ఏదో ఒక మాట జారి, ఇంతమందిలో పిల్లాడు తల దించుకోవాల్సొస్తుందేమో. వస్తానని ఒప్పుకోవడమే పొరపాటు.

కానీ సాయంత్రం బస్టాపులో అతను చెబుతుంటే కాదనలేకపోయింది. పోయినేడు ఇక్కడికి ఒక్కడే వచ్చాడట. అందరూ పెళ్ళాం పిల్లలతో వస్తే, ఓ మూల కూర్చుని ఫోను చూసుకున్నాడట. ఈసారి పిలుపులోనే రాశారు, ఇంటివాళ్ళలో ఒకర్ని వెంటబెట్టుకు రమ్మని.

వెనక పెరట్లో చలిమంట చుట్టూ కుర్చీలు వేశారు. డబ్బాలాట ఆడేవాళ్ళ కలయిక అది. ఎవరో ఎక్కడో చిన్న డబ్బా దాచి, ఫోన్లో గుర్తు పెడతారు. మిగతావాళ్ళు వెతికి పట్టుకుని, లోపలి చీటీ మీద ఆటపేరు రాసి మళ్ళీ అక్కడే పెట్టేస్తారు. ఏళ్ళ తరబడి కలుస్తున్నా ఒకళ్ళ అసలు పేరు ఒకళ్ళు అడగరు. అదో మర్యాద.

నెల్లూరు మనిషొకడు ఎదురొచ్చాడు. అతని ఆటపేరు గుడ్లగూబ, కుర్రాడిది ఒంటె.

“ఒంటే, వచ్చావా. ఎవురబ్బా ఈ యమ్మ?”

“మా అమ్మ,” అన్నాడు కుర్రాడు.

“ఒంటేంటి బాబూ, పిల్లాణ్ణి పట్టుకుని,” అంది మంగాదేవి. అందరూ నవ్వారు. ఆమె నాలిక్కరుచుకుంది. మాట్లాడొద్దన్నాడు కదా.

“మీకూ ఓ పేరు కావాల ఆంటీ.”

“అమ్మ అనే రాసుకో భాయ్, ఖలాస్,” అన్నాడు కుర్రాడు.

కట్టె చిటపటమని నిప్పురవ్వ అతని కాళ్ళ దగ్గర పడింది. “వెనక్కి జరుగు నాన్నా. నైలాన్ చొక్కా. అంటుకుందంటే ఒంటికి కరుచుకుపోద్ది,” అంటూ మంగాదేవి అతన్ని కుర్చీతో సహా లాగేసింది.

అటుపక్క కడపామె నవ్వింది. ఆటపేరు మిరపకాయ. “నీకూ అడ్డం చెప్పే మనిషి ఉండాదన్నమాట. ఒక్కడే కొండలెక్కుతాంటే ఎవురూ లేనోడనుకుంటి.” మంగాదేవి వైపు వంగింది. “చిన్నప్పుడు ఎట్లుండేటోడు ఆంటీ?”

కుర్రాడు గ్లాసు కింద పెట్టాడు. మంగాదేవి మంటకేసి చూసింది.

“నరసాపురం రేవులో ఓసారి కనపడకుండా పోయాడమ్మా. ఏటి పాలయ్యాడనే అనుకున్నాను. జాలర్ల కాళ్ళు పట్టుకుని వలలేయించాను. చూస్తే, బోర్లించిన పడవ కింద దూరి నిద్దరోతన్నాడు. లేపి నాలుగు తగిలించాను. మళ్ళీ నేనే ఏడ్చాను.”

“అప్పుట్నించే దాక్కునే ఆట,” అన్నాడు గుడ్లగూబ. మంట చుట్టూ నవ్వులు.

కుర్రాడు నవ్వలేదు. ఆమెనే చూస్తున్నాడు. “తర్వాత?” అన్నాడు మెల్లగా.

“తర్వాతేముంది. అన్నం కలిపి పెట్టాను.”

ఫొటోకి అందరూ నిలబడ్డారు. పక్కకి తప్పుకోబోయిన ఆమెని చెయ్యి పట్టి లాగి, తన పక్కనే నిలబెట్టుకున్నాడు. ఆ చెయ్యి ఫొటో అయిపోయాక కూడా వదల్లేదు.

తిరుగు బస్సు దాదాపు ఖాళీ. ఇద్దరూ ఒకే సీట్లో కూర్చున్నారు. మిరపకాయ కట్టిచ్చిన కేకు ముక్కని మంగాదేవి రెండు చేసి, పెద్దది అతని చేతిలో పెట్టింది. అతను తినకుండా అలాగే పట్టుకుని కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు.

కరామాలో ఆమె దిగాల్సిన స్టాపు వస్తోందనగా, అతను గొంతు సవరించుకుని, “ఇంతకీ మీ పేరేంటండీ?” అని అడిగాడు.