చక్కెర డబ్బా తూకం

"నాలుగు వందల పన్నెండు," అని టీచరు గొణుక్కుంది.

రాత్రి తూచినప్పుడూ అంతే. చక్కెర డబ్బా దింపి, టీపొడి డబ్బా త్రాసు మీద పెట్టింది. అదీ రాత్రి లెక్కే. ఉప్పు కూడా. బడి ల్యాబు నుంచి తెచ్చుకున్న చిన్న త్రాసు అది, చిటికెడు తేడా వచ్చినా పట్టేస్తుంది. ఎవరైనా ఏదైనా కలిపితే బరువు పెరగక మానదు. పదార్థం ఎక్కడినుంచో ఊడిపడదు, ఎక్కడికో మాయమైపోదు. ఇరవై ఏళ్లుగా కెమిస్ట్రీ క్లాసులో ఆమె చెబుతున్నది అదే.

"తెల్లారకుండానే ఏం చేస్తున్నావక్కా?"

టీచరు చటుక్కున వెనక్కి తిరిగింది. వంటింటి గుమ్మంలో చెల్లెలు, భుజాల చుట్టూ దుప్పటి కప్పుకుని నిలబడి ఉంది.

"చీమలు పట్టాయేమోనని చూస్తున్నా."

"త్రాసుతోనా?" చెల్లెలు నవ్వింది. నవ్వుతూనే డబ్బాల వంక కాస్త ఎక్కువసేపే చూసింది. "సర్లే, నువ్వెళ్లి కూర్చో. టీ నేను పెడతా."

రోజూ టీ పెట్టేది ఆమే. టీచరు భయమల్లా అదే.

అమ్మ పోయాక ఈ ఇంటి వాటా దగ్గర మాటా మాటా పెరిగి, అక్కాచెల్లెళ్లు ఆరేళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. మూడు వారాల కిందట చెల్లెలే రెండు పెట్టెలతో వచ్చింది. ఇక్కడి మందుల షాపులో ఉద్యోగమట, కలిసుందామంది. చలంటే ప్రాణం పోయినట్టు చేసే మనిషి. వచ్చిన సాయంత్రమే కిటికీ సందుల్లో పాత గుడ్డలు కుక్కి, అటక మీది గ్యాసు హీటరు దింపించి, హాలు వెచ్చబడ్డాక గానీ భోజనానికి కూర్చోలేదు. టీచరు నవ్వుకుంది. ఆ వారంలోనే టీచరుకు తలనొప్పి మొదలైంది. తర్వాత వికారం, కళ్లు తిరగడం. బడికి వెళ్లిన గంటకల్లా అంతా చేత్తో తీసేసినట్టు పోయేది. ఆదివారం మాత్రం రోజంతా వదిలేది కాదు.

ఆదివారం మూడు పూటలూ చెల్లెలి చేతి వంటే.

తోడబుట్టిన దాన్ని ఇలా అనుమానిస్తున్నందుకు టీచరుకు సిగ్గుగానే ఉంది. అయినా పడుకునే ముందు గది గడియ వేసుకోవడం మానలేదు.

శనివారం క్లాసులో ఒక పిల్ల లేచింది. "కొవ్వొత్తి కాలితే అరిగిపోతుంది కదా టీచర్? మీరేమో బరువు ఎక్కడికీ పోదంటారు!"

"అందులోంచి వచ్చిన పొగా, ఆవిరీ తూచావా?"

క్లాసంతా గొల్లున నవ్వింది. టీచరు బోర్డు వైపు తిరిగింది. "పాళ్లు కూడా ముఖ్యమే. బావి నీళ్లయినా, కుళాయి నీళ్లయినా ఒక గ్రాము హైడ్రోజనుకు ఎనిమిది గ్రాముల ఆక్సిజనే. బొగ్గు అలా కాదు, రెండు రకాలుగా కలుస్తుంది. మూడు గ్రాములకు ఎనిమిది గ్రాముల ఆక్సిజన్ అందితే, మనం ఊపిరిలో వదిలే వాయువు. నాలుగే అందితే విషం."

"మా పొయ్యి మంట పసుపుపచ్చగా వస్తే అమ్మ బర్నరు తోముతుంది టీచర్."

"మంచి పని. గాలి చాలకపోతేనే నీలం మంట అలా మారుతుంది."

"ఆ విషం వాసనొస్తుందా?"

"వాసనా ఉండదు, రంగూ ఉండదు."

ఆ మాట అంటూండగానే ఆమె చేతిలో సుద్దముక్క బోర్డు మీదే ఆగిపోయింది. వాసనా రంగూ లేని పొడులు మందుల షాపులో ఎన్ని ఉంటాయో! అవి డబ్బాలో ఎందుకు కలుపుతారు? నేరుగా కప్పులోనే కలపొచ్చు. ఇన్ని రోజులూ తను తూచింది డబ్బాల్నే.

ఆదివారం ఉదయం చెల్లెలు రెండు కప్పులు తెచ్చి బల్ల మీద పెట్టి, దుప్పటి కోసం లోపలికి వెళ్లింది. టీచరు కప్పులు మార్చేసింది. చెల్లెలు వచ్చి తన వైపున్న కప్పు తీసుకుని, ఊదుకుంటూ వంటింట్లోకి వెళ్లి, రెండు నిమిషాల్లో ఖాళీ కప్పుతో తిరిగొచ్చింది.

పది గంటలకు కుర్చీలోంచి లేవబోయిన చెల్లెలు గోడ పట్టుకుని అలాగే కిందికి జారిపోయింది.

టీచరు పరుగున వెళ్లి పక్కన కూర్చుంది. అనుమానమే నిజమైంది. ఆ కప్పు తన చేత్తోనే దానికి అందించింది.

"ఏం కలిపావే?" చెల్లెలి భుజాలు పట్టి కుదిపింది. "ఆ కప్పు నాది, నేనే మార్చాను! ఏం కలిపావో చెప్పి చావు, డాక్టరుకు చెప్పాలి!"

చెల్లెలు బరువుగా కళ్లు తెరిచింది. వాటి నిండా భయమే. "నేనా? నువ్వు కదక్కా కలుపుతున్నది! రోజూ తెల్లారకుండా ఆ డబ్బాలతో…"

"నేను తూస్తున్నానే పిచ్చిదానా!"

"నాకేం తెలుసు? అందుకే వారం నుంచి ఈ ఇంట్లో చుక్క నీళ్లు కూడా ముట్టలేదు. బయటే తింటున్నా. టీ రోజూ సింకులో పోస్తున్నా."

"ఇవాళ?"

"ఇవాళ కూడా."

టీచరు ఆమె భుజాలు వదిలేసింది. నెమ్మదిగా అడిగింది, "తలనొప్పిగా ఉంటోందా నీకు?"

"వచ్చిన దగ్గర్నుంచీ. షాపుకెళితే తగ్గిపోతుంది."

చెల్లెలి తలను ఒళ్లోకి తీసుకుని, టీచరు గుడ్డలు కుక్కిన కిటికీల వంక చూసింది. తర్వాత హాలు మూలకు తిరిగింది.

హీటరు మంట పసుపుపచ్చగా వెలుగుతోంది.