నీలి లాంతరు

నెబ్రాస్కాలో గోధుమలు మోసిన ఆ చిన్న రైలు లైను మూతపడి, పట్టాలు పీకేసి ఇరవై ఏళ్లయింది. అక్కడ పనిచేసిన ఎమెట్ పాత స్టేషను కొనుక్కుని అందులోనే కాపురముంటున్నాడు. ఆ రాత్రి గుండెనొప్పితో మెలికలు తిరుగుతున్న భార్య వెల్మాను ట్రక్కెక్కించి, బండి ముందుకు వచ్చాడు.

బంపరుకు నీలి లాంతరు వేలాడుతూ వెలుగుతోంది.

రైల్వేలో, బండి కింద మనిషి పనిచేస్తున్నాడని దాని అర్థం. తగిలించినవాడు తప్ప మరొకడు దాన్ని తియ్యకూడదు, అంతవరకూ బండి కదలకూడదు. ఉద్యోగంలో ఉండగా ఎమెట్ ఒక్కసారి తీశాడు. ఇంటికి పోవాలన్న తొందర. "రెండు నిమిషాలు ఆగరా" అని తోటి పనివాడు లైల్ వ్యాగను కింద నుంచి అరిచినా, కదలమని ఇంజనుకు చెయ్యి ఊపాడు. తనకేమీ వినపడలేదని లైల్ చావు మీద జరిగిన విచారణలో చెప్పాడు.

"ఏంటలా నిలబడ్డావ్? నేను చచ్చాక తీసుకెళ్తావా?" కిటికీలోంచి అంది వెల్మా.

ట్రక్కు కింద సుత్తి తీరిగ్గా మోగుతోంది. ఎమెట్ వంగాడు.

"బయటికి రారా లైల్. నా పెళ్లాం పోయేలా ఉంది."

సుత్తి ఆగింది.

"రెండు నిమిషాలు ఆగరా."

వెల్మా తల బయటికి పెట్టింది. "కింద ఎవరో ఆగమంటున్నారు. వినపడలేదూ?"

"లేదే," అన్నాడు ఎమెట్. అతని చెయ్యి అప్పటికే లాంతరు మీద ఉంది.