జబ్బా, వణుకా?

"కదలకండి మాస్టారూ! కత్తి మెడ మీదుంది."

"నేనెక్కడ కదులుతున్నానయ్యా? తల దానంతటదే కదులుతోంది" అన్నాడు లెక్కల మాస్టారు, గడ్డం నిండా నురగతో.

బార్బర్ కత్తి పైకెత్తి నిలబడిపోయాడు. ఇంట్లో గీసుకుంటూ చెంప కోసుకున్నాడని మాస్టార్ని ఆయన భార్యే సెలూన్‌కి లాక్కొచ్చింది. వద్దు మొర్రో అన్నా వినలేదు. ఇప్పుడు వెనక బెంచీ మీంచి లేచి, చేతిసంచీలోంచి మాత్ర తీసి ఆయన నోట్లో వేసి, నీళ్లు పట్టించింది.

"పార్కిన్సన్స్ జబ్బు బాబూ. కాసేపు ఆగితే బొమ్మలా కూర్చుంటారు."

"దానిదేముందమ్మా, ఆగుదాం." బార్బర్ పక్క కుర్చీలో కూర్చున్నాడు. "ఈ మాత్రలతో జబ్బు పోతుందా?"

"పోదు గానీ, ఉన్నచోటే ఆగిపోతుందట. డాక్టరు చెప్పాడని ఈయనే అన్నారు" అంది ఆవిడ ధీమాగా.

అద్దంలో మాస్టారు చూపు పక్కకి తిప్పుకున్నాడు. రోజంతా అద్దంలో ముఖాలు చూసే మనిషికి అది తెలియకుండా ఉంటుందా?

"నిజమేనా మాస్టారూ?"

"ముందు నీ పని చూడవయ్యా."

"చెప్పండి సార్. ఆగేది జబ్బా, వణుకా?"

గడ్డం గీయమంటే గుట్టు లాగుతున్నాడేమిటి వీడు! మాస్టారికి ఒళ్లు మండింది.

"వణుకేనయ్యా! మాత్ర పనిచేసినంతసేపు అణిగి ఉంటుంది. లోపల జబ్బు దాని దారిన అది పోతూనే ఉంటుంది. దాన్ని ఆపుతుందని తేలిన మందు ఇంకా లేదని డాక్టరు మొదటిరోజే చెప్పాడు. చాలా?"

ఆవిడ గబుక్కున కుర్చీ ముందుకొచ్చి నిలబడింది.

"మరి నాతో అలా ఎందుకు చెప్పారండీ?"

"రాత్రిళ్లు నిద్రపోతావని."

ఆవిడ చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇన్నాళ్లూ నమ్మిన మాట ఒక్క నిమిషంలో అబద్ధమైపోయింది. ఆయన మీద కోపం తెచ్చుకోవాలో, ఆయన్ని పట్టుకుని ఏడవాలో తెలియలేదు. వాగుడుకాయ లాంటి బార్బర్ కూడా గోడకేసి చూస్తూ కూర్చున్నాడు.

కాసేపటికి మాస్టారి తల కుదుటపడింది.

"ఊఁ, కానివ్వు. ఇప్పుడు నీకేం భయం లేదు."

బార్బర్ లేచాడు. మళ్లీ నురగ పూశాడు. మాస్టారి తల వెనక్కి వంచి, గొంతు మీద కత్తి ఆనించి సగందాకా నున్నగా లాక్కొచ్చాడు. అక్కడ ఆగిపోయాడు. ఎంతకీ కత్తి ముందుకూ పోదు, వెనక్కీ రాదు.

"ఏమైంది బాబూ?" అంది ఆవిడ కంగారుగా.

బార్బర్ తల తిప్పకుండా అద్దంలోంచే ఆవిడ వంక చూశాడు. నుదుటి మీద చెమట ధారగా కారుతోంది.

"అమ్మా... చెయ్యి బిగుసుకుపోయింది, మెల్లగా వచ్చి నా చేతిలో కత్తి తీసుకోండి. ఇవాళ నా మాత్ర ఇంట్లోనే మర్చిపోయాను."