తల లేని సైనికుడు

రూతు పళ్ళెంలో పెసలు పోసుకుని రాళ్ళు ఏరుతోంది. ఎదురుగా చాప మీద ఆమె భర్త కొర్నేలు ప్లాస్టిక్ ముక్కలతో యుద్ధం బండి కడుతున్నాడు.

"ఏవండీ, అది విప్పేయమని పొద్దుటి నుంచీ చెబుతున్నాను. ఇస్సాక్ అన్నయ్య వచ్చే వేళయింది."

"ముక్కలన్నీ ఉన్నాయో లేదో చూడొద్దూ?"

"నిన్న చూశారు. మొన్నా చూశారు."

"ఇవాళ చూడలేదుగా!"

అది ఒక వీడియో గేములోని బండి. ముక్కలు ఒకదానికొకటి తగిలించి కట్టుకోవాలి. దాన్ని నడపడానికి ఆకుపచ్చ హెల్మెట్ తల ఉన్న బుల్లి సైనికుడు. పాలకొల్లులో ఉండే రూతు అక్క కొడుకు జాబేజ్‌కి ఆ గేమంటే ప్రాణం. పుట్టినరోజుకి ఆ బండే కావాలన్నాడు. రూతు మాటిచ్చింది.

పోయినేడాది సౌదీ నుంచి పంపిన రిమోట్ కారు చక్రాలు ఊడిపోయి చేరింది. "దమ్మామ్‌లో పాత సామాన్లు కూడా అమ్ముతారేంటే?" అని అక్క ఫోన్లో అడిగింది. ఆ మాట రూతుని ఇంకా గుచ్చుతూనే ఉంది. ఈసారి బొమ్మ మీద చిన్న గీత కూడా పడకూడదు.

తలుపు చప్పుడైంది. ఇస్సాక్ వచ్చాడు. కొర్నేలు పనిచేసే గోదాములోనే అతనికీ పని. అతనిది పాలకొల్లు పక్క ఊరే. రేపు సెలవు మీద ఇంటికి వెళుతున్నాడు. ఇక్కడ ఎవరు ఊరెళ్ళినా మిగతావాళ్ళ సామాన్లు మోసుకెళ్ళాల్సిందే. కాదన్నవాడిని ఎవరూ చూడలేదు.

"ఆయ్, బావగారూ! బొమ్మ సిద్ధమేనా అండి?"

"లగేజీలో చోటుందా అన్నయ్యా?" అంది రూతు.

"చోటుకేం చెల్లెమ్మా! పీరయ్య గారి మిక్సీ, మునిస్వామి గారి అత్తగారికి ఇస్త్రీపెట్టె పెట్టేశాను. నా లుంగీలు తీసేశాననుకోండి. ఫర్లేదు, ఊళ్ళో మా బావమరిదివి కట్టుకుంటాను."

రూతుకి ధైర్యం వచ్చింది. లోపలికి వెళ్ళి పులి బొమ్మ ఉన్న పెద్ద దుప్పట్లు రెండు, పాలపొడి డబ్బాలు తెచ్చి అతని ముందు పెట్టింది.

"బొమ్మ నలక్కుండా వీటిలో చుట్టి, అటూ ఇటూ డబ్బాలు ఆనిద్దాం. దుప్పట్లు అక్కకి, డబ్బాలు వాళ్ళ అత్తగారికి."

ఇస్సాక్ దుప్పట్ల కేసి చూశాడు. నవ్వు చెదరలేదు.

"దానికేముందండి! దుప్పట్లకి బరువేముంటుంది!"

కొర్నేలు నిట్టూర్చి బండి విప్పడం మొదలుపెట్టాడు. ఇస్సాక్ కూడా చాప మీద చతికిలబడి సాయం పట్టాడు. బొమ్మ వచ్చిన పెట్టె పెద్దది కాబట్టి దాన్ని పారేసి, ముక్కల్ని సంచిలో పోసి పంపాలని అనుకున్నారు. రూతు పెట్టె మీది బొమ్మ చూస్తూ ఒక్కొక్క ముక్కా సంచిలో వేస్తోంది. ఉన్నట్టుండి ఆగింది.

"సైనికుడి తలేదీ?"

చాప దులిపారు. సోఫా జరిపారు. పెసలూ ఆకుపచ్చే, తలా ఆకుపచ్చే అని ముగ్గురూ పళ్ళెం మీదికి వంగి పెసలన్నీ మళ్ళీ ఏరారు.

"తల లేకపోతేనేం? ఇక్కడ రోడ్డు మీద బండ్లు నడిపేవాళ్ళలో సగం మందికి లేదు," అన్నాడు కొర్నేలు.

"వద్దు బావగారూ! మొండెం చూస్తే పిల్లోడు జడుసుకోడూ?" అన్నాడు ఇస్సాక్. బోర్లా పడుకుని ఫ్రిజ్ కింద చూశాడు. అక్కడి నుంచి పాక్కుంటూ సోఫా కిందికి దూరాడు. ఇంటివాళ్ళ కంటే అతనికే ఎక్కువ ఆత్రంగా ఉంది.

రూతు మొగుడి వైపు తిరిగింది. "మీరే దాచారు! బండి మీకు కావాలి. జేబులు చూపించండి."

"నేనా?" కొర్నేలు జేబులు బయటికి లాగాడు. ఒక మేకు, బబుల్‌గమ్ కాగితం రాలాయి. "చల్లబడ్డావా? ఇక ఇస్సాక్ గారి జేబులు కూడా వెతుకు!"

సోఫా కింద అలికిడి ఆగిపోయింది.

కాసేపటికి ఇస్సాక్ మెల్లగా బయటికి వచ్చాడు. ముఖం నిండా దుమ్ము. నిలబడి, తన జేబులు రెండూ బయటికి లాగి చూపించాడు. ఇకామా గుర్తింపు కార్డు, దువ్వెన, రుమాలు. అంతే. తలొంచుకుని కుర్చీలో కూర్చున్నాడు.

"అయ్యో అన్నయ్యా, మిమ్మల్ని కాదు!"

చెయ్యి ఊపాడు.

"కోపమొచ్చిందా?"

తల అడ్డంగా ఊపాడు. టీ ఇస్తే కప్పు పక్కకి జరిపాడు. కేకు ముక్క ముట్టుకోలేదు. పెదవులు బిగబట్టి కూర్చున్నాడు. కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి.

"మర్యాదస్తుణ్ణి దొంగని చేశావు," గొణిగాడు కొర్నేలు.

"అన్నది మీరు!"

రూతు మొండాన్ని అరచేతిలో పెట్టుకుని చూసింది. అక్క ఫోన్లో ఏమంటుందో అప్పుడే వినిపిస్తోంది.

"ఇలా పంపలేను. తల దొరికాకే పంపుతాను. ఈ దుప్పట్లూ డబ్బాలూ కూడా అప్పుడే. వాడి పుట్టినరోజుకి అందదు, అంతే."

ఇస్సాక్ ఆమె వైపు జాలిగా చూశాడు. ఏదో చెప్పబోయినట్టు కదిలి, చెప్పకుండా ఊరుకున్నాడు.

"ఏ సందులో ఇరుక్కుందో, ఇంకోసారి కట్టి చూస్తానుండు," అంటూ కొర్నేలు సంచిని చాప మీద హుషారుగా బోర్లించాడు. రూతు అతని వైపు కళ్ళెర్రజేసి చూసింది. ఈ మనిషే తీశాడు, సందేహం లేదు.

ఇస్సాక్ లేచాడు. చెయ్యి గుండె మీద పెట్టుకుని ఇద్దరికీ వంగి దణ్ణం పెట్టాడు. చెప్పులు తొడుక్కుని, ఒక్క మాట కూడా లేకుండా వెళ్ళిపోయాడు.

"వెళ్ళొస్తానని కూడా అనలేదు. ఎంత నొచ్చుకున్నాడో!" అంది రూతు.

వీధి మలుపు తిరిగాక, ఇక లగేజీలో లుంగీలకి చోటుందనుకుంటూ ఇస్సాక్ నోట్లోంచి ఆకుపచ్చ తల తీశాడు.