మాటకు అడ్డు

"ఎవరండీ ఆ గొణుగుడు? సినిమా చూడనిస్తారా లేదా?"

టైలర్ వెనక్కి తిరిగి కసిరాడు.

వెనక సీట్లో మెడకు మఫ్లర్ చుట్టుకున్న ఒక పెద్దావిడ చటుక్కున నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

టైలర్‌కి ఒళ్లు మండిపోయింది. మండదూ మరి! ఈ పాత హిందీ సినిమా అంటే అతనికి ప్రాణం. దాని మీద ఈగ వాలనివ్వడు. "అదేం సినిమా, మూడు గంటల పెళ్లి వీడియో!" అని వెక్కిరించిన పాపానికి ఒక పెద్దమనిషి సూటు గుడ్డను కుట్టకుండానే తిరిగిచ్చేశాడు.

"పెళ్లి వీడియోట, వాడి మొహం! మూడు ముళ్లు పడగానే శుభం కార్డు వేసి చేతులు దులుపుకునేవాళ్లు బోలెడుమంది. పెళ్లయ్యాక మొగుడూ పెళ్లాం ఒక కప్పు కింద ఎలా బతకాలో చెప్పిన సినిమా ఇదొక్కటేనయ్యా!" అని కనబడ్డవాళ్లందరితో పోట్లాడతాడు.

అంతటివాడి పెళ్లాం ఇల్లు వదిలి వాళ్ల అక్క ఇంట్లో ఉంటోంది.

ఇక కలిసి ఉండలేనని చెప్పేసింది. హాలు పడగొట్టేస్తున్నారు, ఈ సినిమాకి ఇదే ఆఖరి ఆట అని బతిమాలి మ్యాట్నీకి తీసుకొచ్చాడు. "సినిమా అయ్యాక నా నిర్ణయం చెప్తాను" అంది ఆవిడ. క్లైమాక్స్‌లో హీరోయిన్ మాటలు వింటే రాయైనా కరుగుతుందని టైలర్ ధైర్యం. పెళ్లాం కరగదా?

"ఆ పిల్ల గొంతు విను. సినిమాకి ప్రాణమంతా అందులోనే ఉంది" అన్నాడు.

"వింటున్నాను. అసలు నేను వెళ్లిపోయింది ఎందుకంటే..."

"అబ్బ, తర్వాత చెబుదువులే. పాట వస్తోంది."

ఆవిడ మొహం తెర వైపు తిప్పుకుంది.

వెనక గొణుగుడు మళ్లీ మొదలైంది. తెర మీద హీరోయిన్ పెదవి కదిపేలోపే ఆ మాట ఇక్కడ వినబడుతోంది. అదీ బొంగురుగా, సగం మాట సగం గాలి!

టైలర్ లేచి నిలబడ్డాడు.

"ఏమ్మా, డైలాగులు నోటికొస్తే మీ ఇంట్లో అప్పజెప్పుకోండి! మేం ఆ అమ్మాయి గొంతు వినడానికొచ్చాం, మీ గరగర వినడానికి కాదు!"

"అలవాటు నాయనా, ఆపుకోలేకపోతున్నాను" అంది పెద్దావిడ. "ఈ సినిమాకి నేను..."

"ఆ, ఎన్నిసార్లు చూశారేంటి? నేనూ చూశాను, లెక్కే లేదు! నేను గొణుగుతున్నానా?"

భార్య అతని మోచెయ్యి పట్టుకుని లాగింది.

"పెద్దావిడండీ. ఏం చెబుతోందో చెప్పనివ్వండి."

"నువ్వూరుకో! నీకేం తెలుసు?"

గేట్‌మ్యాన్ టార్చి వేసుకుంటూ పరిగెత్తుకొచ్చాడు.

"సార్, కాస్త సర్దుకోండి సార్."

"నేనెందుకు సర్దుకోవాలయ్యా? టికెట్ కొనుక్కుని సినిమా చూడటం కూడా తప్పేనా? ఆవిడుండాలో నేనుండాలో తేల్చు ముందు!"

ముందు వరసల్లోంచి "కూర్చోవయ్యా!" అని అరుపులు.

"గొడవెందుకు నాయనా, నేనే వెళ్తాను" అంటూ పెద్దావిడ లేచింది. తలుపు దగ్గర ఒక్క క్షణం ఆగి తెర వంక చూసింది. తర్వాత చీకట్లో గోడ పట్టుకుని తడుముకుంటూ బయటికి నడిచింది.

"పీడ విరగడైంది" అని కూలబడ్డాడు టైలర్.

ఈసారి భార్య లేచింది.

"ఏవండీ, నా నిర్ణయం ఇప్పుడే చెప్తాను. నేను..."

"ష్! క్లైమాక్స్!"

తెర మీద హీరోయిన్ మొగుడి వైపు తిరిగింది. ఆ గొంతు హాలంతా నిండిపోయింది.

"నన్ను ప్రేమించకపోతే మానె. నేను మాట్లాడుతున్నప్పుడు మధ్యలో నా నోరు మూయించకు."

టైలర్ కళ్లనిండా నీళ్లు.

"విన్నావా! మాటంటే అదీ!" అంటూ పక్కకి తిరిగాడు.

సీటు ఖాళీగా ఉంది.

గబగబా బయటికొచ్చాడు. గేటు దగ్గర గేట్‌మ్యాన్ ఒక్కడే నిలబడి ఉన్నాడు.

"మా ఆవిడ ఇటొచ్చిందా?"

"వచ్చారు సార్. ఆ పెద్దావిడని చెయ్యి పట్టుకుని మెట్లు దింపారు. టాక్సీలో ఆవిడతో పాటే వెళ్లిపోయారు. ఇంక తన కోసం రావద్దని మీకు చెప్పమన్నారు."

టైలర్ మెట్టు మీద చతికిలబడ్డాడు. మరుక్షణం కోపం నషాళానికెక్కింది.

"అంతా ఆ ముసల్ది చేసింది! దాని గొణుగుడు లేకపోతే మా ఆవిడ ఆ గొంతు విని ఈపాటికి కరిగిపోయి ఉండేది! నా కాపురం నిలబడేది!"

గేట్‌మ్యాన్ అతని మొహంలోకి చూశాడు.

"ఆ హీరోయిన్‌కి హిందీ ఒక్క ముక్క రాదు సార్. సినిమా అంతా గొంతిచ్చింది ఆ పెద్దావిడే. జబ్బు చేసి గొంతు పోయింది కదా, తన గొంతు తను ఆఖరిసారి విందామని వచ్చింది."