కొరమీను పెట్టె

“ఇందులోనాండీ?” రహమాన్ కౌంటరు మీంచి వంగి, కింద ఉన్న థర్మాకోల్ పెట్టెను వింతగా చూశాడు. “చేపల పెట్టెలో కంప్యూటరు పట్టుకెళ్ళేవాళ్ళని ఇదే చూడ్డమండీ.”

“సబ్బు పెట్టి నేనే కడిగానండీ. వాసన కూడా లేదు, చూడండి,” అంది కెజియా హుషారుగా.

భర్త నిరంజన్ ఆమె మోచెయ్యి గిల్లాడు. ఊరి పేరు గానీ, ఇంటి పేరు గానీ ఎక్కడా చెప్పకూడదని ఏలూరు బస్సు ఎక్కేటప్పుడే అనుకున్నారు.

“ఏ ఊరండీ తమది?”

“తాడేపల్లిగూడెం.”

అది కెజియా పుట్టిల్లు. కాబట్టి సగమే అబద్ధం.

రహమాన్ పెట్టె మూత మీదున్న నీలం నక్షత్రాన్ని తెలిసిన గుర్తులా ఓసారి చూసి, మదర్‌బోర్డు డబ్బా విప్పాడు. ఇంజినీరింగ్ రోజుల నుంచి నిరంజన్ పత్రికల్లో కత్తిరించి దాచుకున్న బొమ్మలు ఒక్కొక్కటే కౌంటరు మీద నిజం వస్తువులైపోతున్నాయి. కెజియా ర్యామ్‌ను అరచేతిలో పెట్టుకుని, “బుల్లి దువ్వెనలా ఉందండీ!” అని మురిసిపోయింది. పెళ్ళిలో వచ్చిన చదివింపులు ఆమె చేతిసంచిలోనే ఉన్నాయి.

గ్రాఫిక్స్ కార్డు దగ్గర వ్యవహారం ఆగిపోయింది.

“ఆటలకైతే పెద్దదే ఉండాలండీ,” అన్నాడు రహమాన్. “చిన్నదాని మీద కార్ల రేసు ఆడితే ఎడ్లబండ్ల పందెంలా ఉంటది.”

“మావల్ల అయ్యేది చిన్నదేనండీ.” నిరంజన్ గొంతు తగ్గింది.

“నా గాజు ఒకటి...” అని మొదలుపెట్టింది కెజియా.

“ఊరుకో.”

రహమాన్ ఇద్దరినీ చూశాడు. “ఒక్క నిమిషమండీ,” అంటూ సెల్‌ఫోను పట్టుకుని బయటికి వెళ్ళాడు. మెట్ల మీద అటూ ఇటూ తిరుగుతూ చాలాసేపు మాట్లాడి లోపలికొచ్చాడు.

“చిన్న కార్డు అయిపోయిందండీ. అదే రేటుకి పెద్దది పట్టుకెళ్ళండి.”

“అదిగో, అద్దాల బీరువాలో ఉందిగా?” అంది కెజియా.

“అది ఖాళీ డబ్బానండీ. ఇంకోమాట. మామూలు పవర్ సప్లై వద్దు, ఈ గట్టిది తీసుకోండి. చెరువుల మీద ఏరియేటర్లు తిరిగితే మీకు వోల్టేజీ పడిపోతుంటది కదా.”

గూడెంలో చేపల చెరువులకి గాలి కొట్టే ఏరియేటర్లెక్కడివి? కెజియా అడగబోయి నాలుక కరుచుకుంది. అడిగితే పెద్ద కార్డు మళ్ళీ చిన్నదైపోతుందేమో!

భాగాలన్నీ బిగించిన క్యాబినెట్‌ను పడుకోబెడితే పెట్టెలో సరిగ్గా పట్టింది. చుట్టూ పాత పేపర్లు కూరి మూత వేశారు.

బస్సు కొల్లేరు దాటుతుండగా కెజియా ఉలిక్కిపడింది.

“ఏవండీ, ఈ నక్షత్రం మన షెడ్డు గుర్తు కదూ?”

నిరంజన్ మొహం పాలిపోయింది. వాళ్ళ ఊరు ఆకివీడులో ప్రతి చేపల షెడ్డుకూ ఒక గుర్తుంటుంది. లారీల్లో పెట్టెలు కలిసిపోకుండా మూతల మీద వేస్తారు. తండ్రి గుర్తున్న పెట్టెనే తండ్రికి తెలియకుండా దాచడానికి తెచ్చుకున్నాడు.

“కంప్యూటర్లాయనకి చేపల గుర్తులేం తెలుస్తాయిలెండి,” అని ధైర్యం చెప్పింది కెజియా. “అయినా మన గుర్తుంటేనే నయం. ఎవరూ అనుమానపడరు.”

“నీకు మా నాన్న సంగతి తెలీదు. నేను ఇంటర్ తప్పిన రోజు, నా వీడియో గేమ్ తీసుకెళ్ళి నా కళ్ళముందే చెరువులోకి విసిరేశాడు. మళ్ళీ ఇంట్లో ఆటల పెట్టె కనబడితే దాని గతీ అంతే అన్నాడు.”

“అమ్మో! ఎప్పుడూ నవ్వరా మావయ్యగారు?”

“ఆయనకి చేపలు తప్ప ఏం పట్టవు. ఆ వేసవిలో అదే చెరువు ఎండగడితే, చేపలు పట్టడం అయిపోయి అందరూ వెళ్ళిపోయాక కూడా ఒక్కడే మోకాలి లోతు బురదలో కర్ర పెట్టి కెలుక్కుంటూ తిరిగాడు. ఒక్క కొరమీను కూడా వదలడు.”

కెజియా కళ్ళు మెరిశాయి. “అయితే ఎవరడిగినా కొరమీను అని చెబుదాం!”

షెడ్డు ముందు లారీలోకి పెట్టెలు ఎక్కిస్తున్నారు. నిరంజన్ తండ్రి యేసుదాసు కుర్చీలో కూర్చుని ఉన్నాడు.

“ఏంట్రా అది?”

“కొరమీను నాన్నా. ఏలూరులో కొన్నాం.”

పెట్టెలు మోసేవాళ్ళు ఆగిపోయారు. ఎవరో కిసుక్కున నవ్వారు. బయట చేప కొనుక్కుని ఆకివీడు తెచ్చినవాడు ఇంతవరకు లేడు.

“తాజాదేనా?”

“చాలా తాజా అండీ మావయ్యగారూ,” అంది కెజియా.

అప్పటికే షెడ్డు పనివాడు వెంకట్రాజు పార నిండా ఐసుతో వచ్చేశాడు. “మూత తియ్యండి అబ్బాయిగారూ. మన నక్షత్రం పెట్టె ఐసు లేకుండా షెడ్డు దాటకూడదు.”

“వద్దు! ఇప్పుడే వండేస్తాం!” అన్నాడు నిరంజన్.

“పెట్టెడు చేపాండీ? చర్చంతటినీ భోజనాలకి పిలిచారేంటి?”

కెజియా గభాల్న పెట్టె మీద కూర్చుండిపోయింది. అందరూ ఘొల్లుమన్నారు. యేసుదాసు మాత్రం నవ్వలేదు. లేచి వచ్చి వెంకట్రాజు చేతిలోని పార అందుకున్నాడు.

“లేమ్మా.”

కెజియా లేచింది. నిరంజన్ కళ్ళు మూసుకున్నాడు. షెడ్డు వెనకే చెరువు. పార లోంచి ఐసు జారిన చప్పుడు వినిపించింది.

కళ్ళు తెరిచేసరికి ఐసంతా పక్కన నేల మీద పడి ఉంది. పెట్టె మూత వేసింది వేసినట్టే ఉంది. యేసుదాసు ఒక కొస పట్టుకుని, రెండో కొస పట్టుకొమ్మని కొడుక్కి సైగ చేశాడు. ఇద్దరూ దాన్ని లోపలి గదిలోకి మోశారు.

“మెల్లగా దింపరా, అది పెద్ద కార్డు,” అన్నాడు యేసుదాసు.