తీసెయ్యమన్న విశేషణం

"హానెస్ట్ తీసెయ్యమ్మా," అన్నాడు మేనేజరు, కంప్యూటరు తెర మీంచి చూపు తిప్పకుండా.

టైపిస్టు వేళ్లు కీబోర్డు మీదే ఆగిపోయాయి.

"ఎందుకు తియ్యాలి సార్?"

"ఓనరుగారు ఒప్పుకోరు."

"ఆయన ఒప్పుకోకపోతే నిజాయితీ లేకుండా పోతుందా?"

మేనేజరు చేతిలోని చీటీని మడిచాడు, విప్పాడు, మళ్లీ మడిచాడు. కండక్ట్ సర్టిఫికెట్‌లో పెద్ద పెద్ద మాటలేవీ వద్దని, 'యావరేజ్' అని ఒక్క ముక్క చాలని ఓనరు ఆ చీటీ రాసి పంపాడు. అట్టపెట్టెలు తయారుచేసే ఆ ఫ్యాక్టరీలో తప్పుల్లేకుండా ఇంగ్లీషు రాయగలిగింది ఆమె ఒక్కతే. అందుకే ఈ పాపిష్టి పని కూడా ఆమె బల్ల మీదికే వచ్చింది.

"యావరేజ్ అంటే ఏమవుతుందో తెలుసా సార్? చదివినవాడు కాగితం పక్కన పడేసి, ఇంకొకరిని పిలవమంటాడు. పద్నాలుగేళ్లు గొడ్డుచాకిరీ చేయించుకుని చివరికిచ్చే మర్యాద ఇదా? రేపు పదింటికి కొత్తచోట ఇంటర్వ్యూ. ఇంట్లో చదువుకునే పిల్లలిద్దరు. ఈ కాగితం తప్ప చేతిలో ఇంకేముంది?"

"నాకు తెలీదా ఏంటి? పోనీ... వెరీ వెరీ గుడ్, నైస్, ఫైన్ అని పెట్టు. వాటికి ఆయనేమీ అనడు."

"ఒకే అర్థమున్న మాటలు మూడు పేరిస్తే మంచితనం మూడింతలవదు సార్. వెరీ అని రెండుసార్లు పెడితే చదివేవాడికి అనుమానమొస్తుంది. విశేషణం ఒక్కటి చాలు. అది సరైనదై ఉండాలి, సరైన చోట ఉండాలి."

"నీ గ్రామరుతో నా ప్రాణం మీదికి తెస్తున్నావు," అని మేనేజరు కుర్చీలో కూలబడ్డాడు.

గది బయట బెంచీ మీద బాబాయి కూర్చుని ఉన్నాడు. కటింగ్ మెషీను దగ్గర పనిచేసే ఆ పెద్దాయన ఫ్యాక్టరీలో అందరికీ బాబాయే. కుడిచేతికి కట్టు ఉంది. మూడు వారాల కిందట ఆ చేతి వేళ్లు రెండు మెషీనులో పోయాయి. లోపల గొంతులు పెరగడం విని తలుపు దగ్గరికి వచ్చాడు.

"గొడవెందుకు తల్లీ, సారు చెప్పినట్టే రాసెయ్యి. ఇదంతా నా మూలానే కదా వచ్చింది."

"నువ్వూరుకో బాబాయ్!" అంటూ ఆమె విసురుగా కుర్చీ జరిపింది. బల్ల కింద తాడుతో కట్టి ఉన్న అట్టపెట్టె కాలికి తగిలింది.

"ఆ పెట్టె నేను పట్టుకుంటాను, ఇలా ఇవ్వు."

"ఆ చేత్తోనా? వెళ్లి కూర్చో."

బాబాయి మళ్లీ బెంచీ మీదికి వెళ్లాడు. ఆమె మేనేజరు వైపు తిరిగింది.

"ఈ కక్షంతా ఆ రిపోర్టు గురించే కదా సార్?"

"మరి కాదా? ప్రమాదం రిపోర్టులో 'కేర్‌లెస్ వర్కర్' అని పంపమన్నారు. వెళ్లిందేమో 'ఓల్డ్ మెషీన్' అని. ఇన్‌స్పెక్టరు వచ్చి మెషీనుకు సీలు వేసిపోయాడు. పుండు మీద కారం చల్లినట్టయింది ఆయనకి."

"అందులో అబద్ధమేముంది? మెషీను పాతదే. బ్లేడుకు అడ్డంగా ఉండాల్సిన రేకు ఊడిపోయి రెండేళ్లయింది. అజాగ్రత్త బాబాయిదా, ఓనరుదా? ఏ విశేషణం ఎవరి ముందు పెట్టాలో బడిపిల్లలకు కూడా తెలుసు!"

"తెలిసినా రాయకూడదమ్మా," అన్నాడు మేనేజరు నీరసంగా.

ఆమె పళ్లు కొరికింది. హానెస్ట్ అన్న మాట కొట్టేసి, దాని చోట ఇంకో మాట టైపు చేసింది. అంతలో ఫోను మోగింది. ఓనరు అరుపు బల్ల అవతలికి కూడా వినిపించింది.

"ఒక్క కాగితానికి ఇంతసేపా? ఏం రాశారో చదువు!"

మేనేజరు తెర మీదికి వంగాడు. "ఈ ఉద్యోగి పంక్చువల్ అండ్... స్క్రూ... స్క్రూప్యులస్ అండీ."

"అదేం మాట? ఎప్పుడూ వినలేదే. మంచిదా, చెడ్డదా?"

మేనేజరు ఫోనుకు చెయ్యి అడ్డం పెట్టి ఆమె వైపు వంగాడు.

"ఎంత చిన్న విషయంలోనైనా పట్టు వదలని మనిషి అని చెప్పండి," అందామె.

ఆయన అదే చెప్పాడు. అవతల ఓనరు పకపకా నవ్వాడు.

"చాదస్తమన్నమాట! భలే కుదిరిందయ్యా. యావరేజ్ వద్దు, ఇదే ఉంచు."

ఫోను పెట్టేశాక మేనేజరు అనుమానంగా అడిగాడు. "నిజంగా దాని అర్థం అదేనా?"

"అదే. ఇంకాస్త ఉంది. ఎవరూ చూడనప్పుడు కూడా తప్పు పని చెయ్యని మనిషి అని."

"అంటే హానెస్ట్ లాంటిదేగా?"

"హానెస్ట్‌కి పెద్దక్క."

మేనేజరుకు నవ్వు రాబోయి ఆగిపోయింది. పొద్దుట్నుంచి ఆమె ముఖంలోకి చూడనివాడు అప్పుడు చూశాడు. జేబులోంచి పెన్ను తీశాడు.

"పేరు పెట్టి ప్రింటు తియ్యి. ఆయన మనసు మారకముందే సంతకం పెట్టేస్తాను."

ఆమె కోపం చల్లారలేదు. ఒక్క మంచి మాట కోసం ఇంత దొంగచాటు వ్యవహారం చెయ్యాల్సి వచ్చినందుకు ఒళ్లు మండిపోతోంది. కళ్లు తుడుచుకుని, కాగితంలో మొదటి వరుసకు వెళ్లింది.

అక్కడ వదిలిన ఖాళీలో తన పేరు టైపు చేసుకుంది.